మొదటి బహుమతికి పోసిన డబ్బు

పెద్ద బహుమతి పెడితే మంచి ఎద్దులు వాటంతటవే పెరుగుతాయని గట్టిగా నమ్మినవాణ్ణి నేను. ఆ నమ్మకంతో మా ఊరి బండలాగుడు పోటీని చేతులారా దెబ్బతీశాను.

ఆదోని, ఎమ్మిగనూరు మధ్య పల్లెల్లో పుట్టినవాళ్ళకు ఈ పోటీని పరిచయం చేయనక్కర్లేదు. పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర వచ్చిందంటే ఒకపక్క పశువుల సంత, ఇంకోపక్క బండలాగుడు. పళ్ళు చూసి గిత్తల వయసు తేలుస్తారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు. ఆ పైన సీనియర్లు. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత బండను ఎక్కువ అడుగులు లాగితే దానిదే గెలుపు.

మా ఊరి కమిటీలో ఉన్నప్పుడు చందాలు, దాతలిచ్చిన సొమ్ము, నాయకులను అడిగి తెచ్చినది, అంతా సీనియర్ల మొదటి బహుమతికే పోయించాను. డబ్బు చాలక పాలపళ్ళ పోటీ తీసేయించాను. వరసకు చిన్నాయనయ్యే రైతు ఒకాయన ఇంటికొచ్చి, "అది తీసేస్తే మాయట్లోళ్ళు యాడికి పోవల్ల రా అబ్బీ?" అని అడిగాడు. "జనం పెద్దెద్దులను చూసేకే వస్తారు చిన్నాయనా" అని పంపేశాను.

జనం వచ్చారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి లారీల్లో పెద్ద జతలూ వచ్చాయి. బహుమతులు వాళ్ళే గెలిచారు. వాళ్ళ తప్పేమీ లేదు, ఆ ఎద్దుల వెనక ఏళ్ళ మేపు ఉంది. మా ఊరి జత మాత్రం ఒక్కటీ దిగలేదు. ఆ వేసవిలో చిన్నాయన తన కోడెలను సంతలో అమ్మేశాడు.

ఆయన ఎందుకు అమ్మాడో నాకు ముందే తెలిసుండాలి. మా పడమటి సీమలో వాన తప్పితే ఇంటిల్లిపాదీ గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు. సొప్ప వామి తరిగిపోతుంది, పశువును చూసే మనిషి ఊళ్ళో ఉండడు. గిత్తను నాలుగైదేళ్ళు సాకితేగాని సీనియర్ జత కాదు. ఆ తొలి ఏళ్ళలో దానికి దిగే పోటీ లేకపోతే, మేతకు ఆసరా లేకపోతే, చిన్న రైతు దాన్ని ఎట్లా నిలుపుకుంటాడు? నేను తీసేయించింది నిచ్చెనకు మొదటి మెట్టు.

ఆ మెట్టును ఎవరు నిలబెట్టాలో చెప్పే ఉదాహరణ ఒకటుంది. జపాన్‌లో బండలాగుడును పోలిన బనేయ్ పోటీ ఉంది. భారీ గుర్రాలు ఇనప స్లెడ్జిని లాగుతూ 200 మీటర్ల దారిలో రెండు దిబ్బలు ఎక్కుతాయి. హొక్కైడోలో నాలుగు నగరాలు నడిపిన ఆ పోటీ నష్టాల్లో పడడంతో మూడు నగరాలు తప్పుకున్నాయి. 2007 నుంచి ఒబిహిరో నగరం ఒక్కటే దాన్ని నిలబెట్టింది. అక్కడ జరిగే బెట్టింగ్ మనకు వద్దు. ఒక ఊరి పాలన తన పశువుల పోటీని తన బాధ్యతగా తీసుకోవడం మాత్రం కావాలి.

మనకు సంస్థలు లేక కాదు. ఒంగోలు జాతి ఎద్దుల కోసం గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రం ఉంది. ఎమ్మిగనూరు పక్కనే బనవాసిలో ప్రభుత్వ పశుక్షేత్రం ఉంది. దేశవాళీ జాతుల కోసం 2014లో రాష్ట్రీయ గోకుల్ మిషన్ వచ్చింది. నేను నాయకుల ఇళ్ళ చుట్టూ తిరిగాను గానీ పశువైద్యశాల గడప తొక్కలేదు.

ఈసారి ప్రభుత్వాన్ని డబ్బు అడిగితే ఇట్లా అడుగుతాను: ముందు పాలపళ్ళ, రెండు పళ్ళ విభాగాలకు ఇవ్వండి. గెలిచినా ఓడినా, దిగిన ప్రతి స్థానిక జతకూ మేత ఖర్చు ఇవ్వండి. సుగ్గికి పోయే నెలల్లో ఊళ్ళో పశువులకు సొప్ప, నీళ్ళు, కాపలా ఏర్పాటు చేయండి. డాక్టరు చూసి సరేనన్నాకే కాడి కట్టాలి, చర్నాకోల వాడకూడదు అని షరతు పెట్టండి. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎద్దుబండ్ల పందేలను ఆపింది పశువులు పడే బాధ చూసే. 2023లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలను ఒప్పుకున్నది కూడా ఆ బాధను తగ్గించే నియమాలు పెట్టారనే. షరతు లేని సాయం పోటీకి మేలు చేయదు.

మొదటి బహుమతికి దాతలు ఎప్పుడూ దొరుకుతారు, మైకులో పేరు చదువుతారు గనుక. పాలపళ్ళ గిత్త మేతకు ఎవరూ ముందుకు రారు. ప్రజల సొమ్ము పోవలసింది అక్కడికే.