పోగు తెగినచోట

హిందూపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల చింతపండు గోడౌను ఒకటి ఉండేది. సీజను అయిపోయాక ఖాళీగా పడి ఉండే ఆ గోడౌనులోనే మా ఆర్కెస్ట్రా రిహార్సల్. గోడలకు, చాపలకు, చివరికి మా చొక్కాలకు కూడా ఆ వాసన పట్టేసేది. ఇప్పటికీ ఎక్కడైనా పాత చింతపండు వాసన తగిలితే నా ఎడమచేతి వేళ్లు ఫిడేలు తీగలను వెతుక్కుంటాయి.

1979లో నాకు 17 ఏళ్లు. మేం 14 మందిమి. మూడు ఫిడేళ్లు, వేణువు, క్లారినెట్, ట్రంపెట్, అకార్డియన్, గిటారు, తబలా, డోలక్, బాంగో, డ్రమ్స్, ఇద్దరు పాటగాళ్లు. ఈ ఆర్కెస్ట్రాను పెట్టిందీ నడిపిందీ మా అయ్యవారు. పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదుతూ పెరిగిన మనిషి. పేరంటే ఆయనకు మోజు లేదు. బ్యానరు మీద కూడా ఊరి పేరే వేయించారు. అందుకే ఇక్కడా ఆయన పేరు రాయడం లేదు.

ఆయనకు ఈ పిచ్చి పట్టించింది రేడియో. 1952లో రవిశంకర్ నాయకత్వంలో ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యవృందం మొదలైంది. తర్వాత దాన్ని నడిపినవారిలో మన ద్రాక్షారామంలో పుట్టిన వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు ఒకరు. ఎవరెస్టు ఎక్కడం మీద ఆయన ‘ఆదర్శ శిఖరారోహణం’ కట్టారని అయ్యవారు చెప్పేటప్పుడు కళ్లు మెరిసేవి. పాట లేకుండా, మాట లేకుండా, వాయిద్యాలతోనే ఒక కొండ ఎక్కించవచ్చని ఆయన గట్టిగా నమ్మారు. మాకేమో సినిమా పాటలే లోకం. మద్రాసులో ఎస్పీ బాలు గారి ట్రూపులో ఇళయరాజా, ఆయన అన్నదమ్ములు వాయించి పైకొచ్చిన సంగతి చెప్పుకుని, రేపు మనమూ అంతే అనుకునేవాళ్లం.

స్టాఫ్ నొటేషన్ అయ్యవారికి రాదు. కొట్టులో పద్దులు రాసే పొడుగు పుస్తకంలో తెలుగు అక్షరాల్లోనే స్వరాలు రాసేవారు. పక్కన నిలువుగా గీతలు కొట్టి, ఏ వాయిద్యానికి ఏ బిట్టో విడదీసేవారు. ఫిడేళ్లకు ఎర్ర సిరా, గాలి వాయిద్యాలకు నీలం. రాత్రంతా కూర్చుని 12 మందికీ 12 కాగితాలు తన చేత్తోనే ఎత్తి రాసి ఇచ్చేవారు. నా కాగితం మూలన ప్రతిసారీ చిన్న అక్షరాల్లో ‘తొందర వద్దు’ అని ఉండేది.

ఒకరోజు మా ముగ్గురు ఫిడేలువాళ్లను పాసింజరు ఎక్కించి ధర్మవరం పిలుచుకుపోయారు. అప్పటికింకా మీటర్‌గేజ్. పెనుకొండ దాటాక ఆయన రామకృష్ణమాచార్యుల వారి గురించి ఎత్తుకున్నారు. ధర్మవరంలో పుట్టి, బళ్లారిలో సరసవినోదినీ సభ పెట్టి, తెలుగు నాటకంలోకి పాటను తెచ్చిన మనిషి. “ఆయప్ప నాటకానికి పాట తెచ్చినాడు. మనం ఆయప్ప ఊరికి పాట లేని సంగీతం తెస్తాండాం” అన్నారు.

నేరుగా ఒక నేతగాడి ఇంటికి తీసుకుపోయారు. గుంటమగ్గం. మనిషి నడుము దాకా గుంటలో ఉన్నాడు. కాళ్లు తొక్కుతున్నాయి, చెయ్యి తాడు లాగుతోంది. నాడె ఇటు నుంచి అటు జారేది ఒక చప్పుడు. అడ్డదారాన్ని బిగించే దెబ్బ ఇంకొకటి, బరువైనది. పైన జకార్డు అట్టలు తిరిగేది మూడోది. అరగంట విన్నాం. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి. నిలువు పోగు ఒకటి తెగింది. నేతగాడు దాని కొస నాలుకకు అద్దుకుని, రెండు వేళ్ల మధ్య మెలిపెట్టి ముడివేశాడు. గదిలో ఎవరం ఊపిరి పీల్చలేదు. మళ్లీ నాడె కదిలింది. అయ్యవారు కళ్లు మూసుకుని వేళ్ల మీద లెక్క పెడుతున్నారు.

అలా పుట్టింది ఆయన 11 నిమిషాల ‘మగ్గం’. మోహన రాగం. తబలా, డోలక్ నాడెలా పరిగెడతాయి, డ్రమ్స్ దెబ్బ వేస్తాయి, ఫిడేళ్లు పోగుల్లా సాగుతాయి. ఏడో నిమిషం దగ్గర అందరం ఒక్కసారి ఆగాలి. 8 లెక్కలు. ఆ తర్వాత మొదటి ఫిడేలు, అంటే నేను, ఒంటరిగా ఎత్తుకోవాలి. “వాయించేది ఎవడైనా వాయిస్తాడప్పా. అందరూ కలిసి ఊరకుండేదే కష్టం” అనేవారు.

మొదటిసారి వాయించింది పెనుకొండలో, వినాయక చవితి పందిట్లో. కోట కొండ మీద నుంచి చలిగాలి దిగుతోంది. ఫిడేలు బిరడాలు నిలవడం లేదు, శ్రుతి జారుతూనే ఉంది. అయ్యవారు మా వైపు తిరిగి నిలబడ్డారు. “జనానికి వీపు చూపిస్తాడేమప్పా ఈయన!” అని ముందు వరసలో ఎవరో గట్టిగానే అన్నారు. చాలా ఏళ్ల తర్వాత, 2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా గారి సింఫనీని రాయల్ ఫిల్‌హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా వాయించింది. ఆ వీడియోను ఫోన్‌లో చూస్తుంటే కండక్టర్ మికెల్ టామ్స్ వీపు కనపడగానే నాకా పెనుకొండ గొంతే వినపడింది. వాయించేవాళ్లకు మాత్రం కండక్టర్ ముఖమే దిక్కు. మా అయ్యవారు కర్ర పట్టలేదు. ఆయన గడ్డం కిందికి దిగితే దెబ్బ, కనుబొమ లేస్తే ఎత్తుగడ.

ఆ రాత్రి నేను ఆ ముఖం చూడలేదు, జనాన్ని చూశాను. ఆగాల్సినచోట ఆగాం. పందిరంతా నిశ్శబ్దం. మర్చిపోయామని అనుకుంటారేమోనని గుండె జారి, అయిదో లెక్కకే కమాను వేసేశాను. తబలా నన్ను పట్టుకుంది, డ్రమ్స్ పట్టుకోలేదు, ట్రంపెట్ ఎటూ కాకుండా పోయింది. “పాటలు పాడండప్పా!” అని కేకలు. పాటగాళ్లు లేచి పరువు నిలబెట్టారు.

తెల్లవారుజామున స్టేషన్‌లో అయ్యవారు టీ తెచ్చి నా చేతికిచ్చారు. తిట్టలేదు.

“అయిదు దగ్గర ఎందుకొచ్చినావు?”

“భయమేసింది అయ్యవారూ.”

“ముడి వేసేటప్పుడు ఆ నేసే ఆయప్ప భయపడినాడా?”

అంతే. రైలు వచ్చేదాకా ఇంకేం మాట్లాడలేదు. ఆ టీ ఎంత వేడిగా ఉందో నాకిప్పటికీ గుర్తుంది. ఎందుకంటే తాగలేక చేతిలోనే పట్టుకుని ఏడ్చాను.

నాలుగు రోజులకు ధర్మవరం. నేతవాళ్ల వీధిలోనే స్టేజీ. ఈసారి నేను అయ్యవారి కనుబొమ తప్ప దేన్నీ చూడలేదు. తబలా పరుగు మొదలవగానే ముందు కూర్చున్న ఆడవాళ్లలో ఒకరిద్దరి మోకాళ్లు కదలడం మాత్రం కంటికొసకు తగిలింది. ఏడో నిమిషం. అందరం ఆగాం. ఒకటి, రెండు, మూడు. ఎక్కడో వెనక నుంచి ఒక ముసలి గొంతు మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు, “తెగింది” అంది. ఆ మాట వరసల మీదుగా ముందుకు పాకింది. తెగింది, పోగు తెగింది. అయ్యవారి ముఖం నేను చూశాను. ఆ సంతోషం 14 మందిమీ చూశాం. జనం వైపు వీపే ఉంది కాబట్టి వాళ్లకు కనిపించి ఉండదు. ఎనిమిది. కనుబొమ లేచింది. ఎత్తుకున్నాను.

ఆర్కెస్ట్రా ఇంకో తొమ్మిదేళ్లు నడిచింది. ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చాక ఫిడేళ్లకు కూలి దండగన్నారు. అయ్యవారు పోయాక ఆ పొడుగు పుస్తకం నా దగ్గరికి చేరింది.

ధర్మవరం కార్యక్రమం అయ్యాక ఆ ముసలాయన స్టేజీ దగ్గరికి వచ్చాడు. అయ్యవారి చెయ్యి పట్టుకుని, “బాగుందయ్యా. కానీ ముడి పడేదానికి ఇంకా రెండు లెక్కలు పడతాది” అన్నాడు. అయ్యవారు అక్కడే స్టేజీ అంచున కూర్చుని పెన్సిలు తీశారు. పుస్తకంలో ఆ పేజీ ఇప్పుడు నా ముందుంది. ఎర్ర సిరాతో వేసిన 8 కొట్టేసి, పక్కన పెన్సిలుతో 10 అని ఉంది.