ఫోన్‌లో ఆఫ్.. మోటర్ ఆన్!

సైదాబాద్‌లో మా ఇల్లు పాతది. కింద పోర్షన్ అద్దెకిచ్చాం, మధ్యలో మేము, పైన బాబాయి వాళ్లు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. సంపు ఒక్కటే, మోటరూ ఒక్కటే. డాబా మీద ట్యాంకులు మాత్రం మూడు. ఏ ట్యాంకు నింపాలంటే దాని వాల్వు పైకెక్కి తిప్పాలి. ఏళ్లుగా ఆ డ్యూటీ అమ్మదే. కిందటి వానాకాలంలో తడి మెట్ల మీద జారి మోకాలికి దెబ్బ తగిలించుకుంది. వారం తిరగకుండానే మళ్లీ గోడ పట్టుకుని మెట్లెక్కుతుంటే నాకు సిగ్గేసింది. పొద్దంతా ఎక్కడో ఉన్న సర్వర్లను నడిపేవాణ్ని, ఇంట్లో మూడు వాల్వులు తిప్పలేనా?

మోటరుతో తిరిగే బాల్ వాల్వులు మూడు, ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక రిలే మాడ్యూల్ ఆన్‌లైన్‌లో తెప్పించా. లాజిక్ సింపుల్: వాల్వు తెరువు, 15 సెకన్లు ఆగు, మోటర్ ఆన్ చెయ్. ఫోన్‌లో మూడు బటన్లతో యాప్ కూడా రాశా. పది రోజులు బ్రహ్మాండంగా నడిచింది. బాబాయి అయితే ఇంటికొచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

పదకొండో రోజు రాత్రి డాబా మీద ‘ఢబ్’మని చప్పుడు. పైపు జాయింటు ఊడి నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. ఫోన్‌లో ఆఫ్ నొక్కా. యాప్‌లో ‘ఆఫ్’ అని వచ్చింది. మోటర్ మాత్రం ఆగలేదు. మళ్లీ నొక్కా. ఊహూ. చివరికి అమ్మే కుంటుకుంటూ వెళ్లి మెయిన్ దించేసింది.

“ఫోన్‌ల ఆఫ్ అయితే మోటర్ ఆగినట్టేనా బిడ్డా?” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో ఎత్తి తెచ్చే కృష్ణా నీళ్లు, మా గల్లీలో పారిపోయాయి. పొద్దున్నే కింది ఆంటీ ఖాళీ బకెట్ పట్టుకుని వచ్చింది. “పిల్లలకు స్కూల్ టైమవుతుంది బాబూ” అంటుంటే మొహం చూపించలేకపోయా.

విప్పి చూస్తే తప్పులు రెండు. వాల్వులో ఇసుక ఇరుక్కుని అది తెరుచుకోనే లేదు. నా కోడ్ 15 సెకన్లు లెక్కపెట్టి మోటర్ ఆన్ చేసేసింది. ఇక రిలే మీద 10 ఆంపియర్లని రాసుంది కదా, 1 హెచ్‌పీ మోటరుకు చాలనుకున్నా. కానీ మోటర్ స్టార్టయ్యే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకు రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయి.

అదే వారం న్యూజెర్సీ నుంచి అక్క వీడియో కాల్ చేసింది. అక్కడ చలికి కొన్ని ఇళ్లను వేడి నీళ్లతో వెచ్చబెడతారు. బేస్‌మెంట్‌లో బాయిలర్, అక్కడి నుంచి గదులకు పైపులు. అక్క వాళ్లింటిని మూడు జోన్లుగా విడగొట్టారు. ఒక్కో జోన్‌కు ఒక థర్మోస్టాట్, ఒక వాల్వు. కంట్రోలర్ మార్చే పని నడుస్తోంది, బాక్సు మూత తీసి ఉంది. “ఒరేయ్, ఇన్ని వైర్లేంట్రా? నీకేమన్నా అర్థమవుతుందా?” అంది.

ఒక్కో వాల్వుకు నాలుగు వైర్లు. రెండు పసుపువి, 24 వోల్టులతో వాల్వును తిప్పడానికి. రెండు ఎర్రవి, లోపలున్న ఎండ్ స్విచ్‌వి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నాకే ఆ స్విచ్ కలుస్తుంది. మూడింటిలో ఏ ఒక్కటి కలిసినా, కంట్రోలర్ బాయిలర్‌లోని ‘టీ-టీ’ అనే రెండు టెర్మినళ్లను కలుపుతుంది. వాటికి బయటి కరెంటు ఇవ్వకూడదు, స్విచ్‌లా కలపాలంతే. అంటే థర్మోస్టాట్ అడిగినంత మాత్రాన బాయిలర్ వెలగదు. ‘నేను తెరుచుకున్నా’ అని వాల్వు చెప్పాలి.

నా తప్పు అక్కడే దొరికింది. ఆఫీసులో అవతలి సర్వర్ నుంచి జవాబు రాకుండా ఒక్క అడుగు ముందుకెయ్యను. ఇంట్లో మాత్రం ఆర్డర్ వేస్తే పనైపోయినట్టే అనుకున్నా.

ఈసారి ఫీడ్‌బ్యాక్ స్విచ్ ఉన్న వాల్వులు కొన్నా. మూడు స్విచ్‌లనూ ప్యారలల్‌గా కలిపి, సంపులో నీళ్లున్నాయో లేదో చూసే ఫ్లోట్ స్విచ్‌తో సిరీస్‌లో పెట్టి, 24 వోల్టుల కాంటాక్టర్ కాయిల్‌కిచ్చా. మోటర్ లోడంతా కాంటాక్టర్ మీదే. 230 వోల్టుల పని నేను ముట్టుకోలేదు. తెలిసిన ఎలక్ట్రీషియన్ భాయ్ వచ్చి ఎర్తింగ్ చూసి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టి, ఆ వైర్లను వేరే బాక్సులో బిగించాడు. మీరు చేయించుకున్నా అలాగే చేయించండి.

అమ్మ అడిగింది ఒక్కటే: “నీ ఫోన్ లేకున్నా ఆగుతదా?” వంటింటి గుమ్మం పక్కన ఎర్ర స్విచ్ పెట్టించా. అది మోటర్ లైన్‌నే తెంచుతుంది, మధ్యలో నా కోడ్ లేదు. తర్వాత అమ్మ ముందే ఒక వాల్వు వైరు పీకి యాప్‌లో ఆన్ నొక్కా. మోటర్ కదల్లేదు. అమ్మ ఒక నిమిషం చెవి ఒగ్గి విని, తలూపి వంటింట్లోకి వెళ్లిపోయింది.

యాప్ ఆమె ఫోన్‌లోనూ ఉంది. ఇంతవరకూ తెరిచి చూడలేదు. మెట్లు మాత్రం ఎక్కడం లేదు.