కొత్త పిల్లను తెచ్చేముందు

కుక్కపిల్ల పోయిన ఇంటివాళ్లలో కొందరు "ఇంకెప్పుడూ పెంచమండీ, ఈ బాధ మావల్ల కాదు" అంటారు. ఎక్కువమంది మాత్రం "రేపే ఇంకోటి తెచ్చేస్తామండీ, పిల్లాడు అన్నం ముట్టట్లేదు" అంటారు. ద్రాక్షారామంలో పశువైద్యం చేస్తూ ఈ రెండు మాటలూ ఎన్నోసార్లు విన్నాను. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే: పోయింది దేనితో పోయిందో ముందు తేల్చుకోండి.

ఎందుకో చెబుతాను. ఒక సంక్రాంతి వెళ్లాక, కాలవ గట్టున ఉండే కుటుంబం యాభై రోజుల పిల్లను సంచిలో పాత తువ్వాలు పరిచి తెచ్చింది. సంచి పట్టుకున్నవాడు ఏడో తరగతి కుర్రాడు. వెనక తండ్రి, నాయనమ్మ. వాంతులు, రక్తవిరేచనాలు. ఆ వాసన తెలిసినవాడికి పిల్ల గుమ్మం దాటకముందే జబ్బు పేరు తెలిసిపోతుంది. అది పార్వో. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. మెడ మీద చర్మాన్ని పట్టి లేపితే అలాగే నిలబడిపోతోంది తప్ప కిందికి దిగడం లేదు. ముంగాలి నరం దొరకబుచ్చుకుని సెలైన్ పెట్టాం, వాంతులు ఆగడానికి మందు ఇచ్చాం. మూడో రోజు తెల్లవారుజామున ప్రాణం పోయింది.

కుర్రాడు వెక్కివెక్కి ఏడుస్తుంటే తండ్రి కసురుకున్నాడు, "కుక్కపిల్ల కోసం ఇంత ఏడుపేంట్రా!" అని. నాయనమ్మ ఊరుకోలేదు. "వాణ్ణి ఏడవనీరా. క్రౌంచపక్షి నేలకూలితే వాల్మీకి మనసు కరిగింది కాబట్టే కదరా రామాయణం పుట్టింది" అంది. ఆ ముసలావిడ మాటకు మించి నేను చేర్చగలిగింది ఏమీ లేకపోయింది.

పదిరోజులు తిరిగాయో లేదో, అదే సంచిలో ఇంకో పిల్ల వచ్చింది. అవే లక్షణాలు.

"దీన్నెక్కడ కట్టారు?"

"ఆ కొబ్బరిచెట్టు కిందేనండి, ఆ గోనె మీదే. ఫినాయిల్ పోసి రెండుసార్లు కడిగామండి."

పార్వో వైరస్‌కు ఫినాయిల్ ఒక లెక్క కాదు. 1978లో ఈ జబ్బును మొదట గుర్తించారు. రెండేళ్లు తిరక్కుండానే అది ప్రపంచమంతా పాకింది. అంత వేగంగా పాకడానికి కారణం ఈ మొండితనమే. నీడా తేమా ఉన్న మట్టిలో అది నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. కొబ్బరితోటల నీడ, కాలవల తడి మన కోనసీమకు అందం. ఆ వైరస్‌కు కూడా అంతకన్నా మంచి చోటు దొరకదు. గచ్చునేలా గిన్నెలూ అయితే ముందు సబ్బుతో మురికి వదలగొట్టి, ఒక పాలు ద్రవ బ్లీచింగుకు ముప్ఫై పాళ్ల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు ఆగి కడగాలి. గోనె, తువ్వాలు తగలబెట్టెయ్యాలి. మట్టినేలను మాత్రం బ్లీచింగుతో బాగుచెయ్యలేం. ఎండ పడనిచ్చి ఆగడమే దారి.

రెండోది కూడా దక్కలేదు. "టీకా వేయించే తెచ్చామండీ" అన్నాడు తండ్రి. నిజమే, వేయించాడు. ఒక్కటి. తల్లి ముర్రుపాలతో వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్లూ అది టీకాను పనిచెయ్యనివ్వదు. ఆ రక్షణ ఏ పిల్లలో ఏ వారం తగ్గిపోతుందో పైకి తెలీదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ మళ్లీ వేస్తాం. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు. మధ్యలో పోయేది పిల్ల. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆ కుటుంబం ఏడాది ఆగి, టీకాలన్నీ పూర్తయిన ఊరకుక్కను తెచ్చుకుంది. దానికి పాత పేరు పెడతామంటే కుర్రాడు ఒప్పుకోలేదట. వాడిదే సరైన బుద్ధి. వచ్చినది దాని బతుకు అది బతకాలి. పోయినదాని చోటు నింపమని దాని మీద బరువు పెట్టకూడదు.

పిల్లలకు నిజం చెప్పమని కూడా నేను గట్టిగా అడుగుతాను. "ఊళ్లో తోటలోకి పంపించేశాం" అని బొంకే తల్లిదండ్రులున్నారు. ఆ బొంకు నమ్మిన ఒక పాప నన్ను బజార్లో ఆపి, "మా టామీని మళ్లీ ఎప్పుడు పంపిస్తారండీ?" అని అడిగింది. నేను అల్లరి చేశాననే పంపేశారు అనుకుంటోందట. చావు గురించి చెబితే పిల్లలు ఏడుస్తారు, తర్వాత తేరుకుంటారు. ఇలాంటి తప్పు మోస్తూ ఉంటే తేరుకోరు.

కుందేళ్ల కథ వేరు. మే నెలలో డాబా మీద రేకుల కింద పెట్టెలో పెట్టినవే ఎక్కువ పోతాయి. కుందేలుకు మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి చాలామటుకు చెవుల్లోంచే పోవాలి. ముప్ఫై డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది, ఇక మన ఉక్కలో చెప్పేదేముంది! కొత్త జత తెచ్చేముందు పెట్టెను ఉత్తరపు వసారాలోకి మార్చండి, గడ్డకట్టించిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి లోపల పెట్టండి. రెండూ ఆడవే అని అమ్మినవాడు చెప్పినా ఒకసారి నాకు చూపించండి. కుందేలు చూలు ముప్ఫై ఒక్క రోజులే.

పెద్దవాళ్ల దుఃఖం వేరేలా ఉంటుంది. పిల్లలు అమెరికాలో ఉన్న ఒక దంపతుల పొమేరియన్ పదమూడేళ్లు బతికి, గుండె జబ్బుతో పోయింది. "మళ్లీ పెంచితే మా తర్వాత దాన్నెవరు చూస్తారండీ" అన్నారాయన. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది, నేను కాదనలేదు. అయితే పిల్లే కావాలని ఎక్కడుంది? ఎవరూ లేక వీధిలో తిరిగే నాలుగైదేళ్ల సాధువైన కుక్క అయితే ఇంటికి ఇట్టే అలవాటుపడుతుంది, చెప్పులు కొరకదు, రాత్రంతా ఏడవదు. వాళ్ల వీధిలోదే ఒకటి ఇప్పుడు వాళ్ల అరుగు మీద పడుకుంటోంది. పొద్దున్నే ఆయన్ను నడకకు లేపుతోందని ఆవిడ చెప్పింది.

పాతిపెట్టే చోటు గురించి ఒక మాట. దయచేసి కాలవలో వెయ్యకండి, ఆ నీళ్లే కింది ఊళ్ల మంచినీళ్ల చెరువుకు పోతాయి. మన నేలలో వానాకాలం రెండడుగులు తవ్వితే నీరు పడుతుంది. కాబట్టి మెరక చూసి, బావికీ బోరుకీ దూరంగా, వీలైనంత లోతుగా తవ్వి, సున్నం చల్లి పూడ్చండి.

అంతకన్నా ముఖ్యం, పూడ్చేముందు నాకో మీ దగ్గరి డాక్టరుకో చూపించండి. ఉన్నట్టుండి ప్రవర్తన మారి, చొంగ కారుస్తూ పోయిన కుక్కో పిల్లో ఇంట్లో ఎవరినైనా కరిచినా, గీరినా సబ్బుతో పావుగంట కడిగి, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని కాపాడే మందు లేదు. ముందే వేయించుకునే టీకా మాత్రం ఉంది.

1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు ఆ టీకా మొదలుపెట్టించాడు. ఏటా అదే రోజున మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. కొత్తగా తెచ్చుకున్న పిల్లకు మూడు నెలలు నిండగానే తీసుకురండి, జూలై దాకా ఆగొద్దు. వచ్చేటప్పుడు దాన్ని పెంచే పిల్లల్ని కూడా వెంటబెట్టుకు రండి. టీకా ఎందుకో వాళ్లకే చెబుతాను.