బెయిలొచ్చినా మావ ఎందుకు రాలేదంటే

పోస్టు కొంచెం పెద్దది, చివరిదాకా చదవండి.

మార్చి చివర్లో మా హాస్టల్ నుంచి ముగ్గురం సబ్ జైలుకి ములాఖత్‌కి వెళ్ళాం. మా గూడెం మావ ఒకాయన కొట్లాట కేసులో రిమాండులో ఉన్నాడు. డిగ్రీ చదువుతున్నారు కదా అని ఊరు మమ్మల్నే పంపింది.

అప్పటిదాకా జైళ్ళన్నీ ఒకటే అనుకున్నాం. కాదు. రిమాండువాళ్ళు, చిన్న శిక్షలవాళ్ళు ఎక్కువగా సబ్ జైళ్ళలో, జిల్లా జైళ్ళలో ఉంటారు. పెద్ద శిక్ష పడితే రాజమండ్రి, చర్లపల్లి లాంటి సెంట్రల్ జైలు. అక్కడ ఎత్తు గోడలు, గట్టి కాపలా. కానీ పని నేర్పుతారు, చేసిన పనికి కూలి ఇస్తారు, చదువుకోనిస్తారు. ఏళ్ళ తరబడి మంచిగా నడుచుకున్నవాళ్ళలో కొందరిని ఓపెన్ జైలుకి పంపుతారు. అలాంటివి అనంతపురంలో, చర్లపల్లిలో ఉన్నాయి. అక్కడ పొలం పని చేసుకుంటారు. నమ్మితే మనిషి మారతాడనే లెక్క.

మరి మావకి? నేరం రుజువు కాలేదు కాబట్టి ఆ పనీ లేదు, ఆ కూలీ లేదు. పొద్దున ఒకసారి లెక్కపెడతారు, సాయంత్రం ఒకసారి లెక్కపెడతారు, అంతే. 2022 చివరికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది ఇలా విచారణలో ఉన్నవాళ్ళే. నలుగురిలో ముగ్గురన్నమాట.

అసలు సంగతేంటంటే, మావకి బెయిలొచ్చి అప్పటికే 26 రోజులు. ఇద్దరు షూరిటీలు ఆస్తి కాగితం చూపాలన్నారు. మా గూడెంలో పోడుకి ఇంకా పట్టాలు రాలేదు. "భూమి ఉందిరా, కాగితమే లేదు" అని మావ నవ్వాడు. మాకు నవ్వు రాలేదు. ఆ 26 రోజుల్లో రెండు వారాలు పరీక్షలని చెప్పి మేమే తప్పించుకున్నాం. నిజానికి జైలు గేటు దగ్గర ఎవరైనా చూస్తారని భయపడ్డాం.

తర్వాత తెలిసింది. బెయిలొచ్చిన 7 రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి చెప్పాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. నెలలోపు షూరిటీ పెట్టలేకపోతే షరతులు తగ్గించే విషయం కోర్టే తనంతట తాను చూడొచ్చు. 1987 చట్టం ప్రకారం ఎస్టీలకి లాయరు ఉచితం. ఫోను 15100.

అర్జీ మేమే రాసిచ్చాం. తొమ్మిదో రోజుకి షరతు మార్చారు, మావ ఇంటికొచ్చాడు. అప్పటికి జీడిపిక్కలు సగం రాలి పాడైపోయాయి. ఏడాదికి చేతిలో డబ్బు కనపడేది ఆ పిక్కలమీదే.

మావ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అందుకే ఇది రాస్తున్నాం. మీ గూడెం నుంచి ఎవరైనా లోపల ఉంటే ఒక్కటే అడగండి: బెయిలొచ్చిందా, వచ్చి ఎన్ని రోజులైంది? ఏడు దాటితే మాలాగా ఆగకండి.