స్వభావమా, వ్యాధియా?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదను సామెత మన యిండ్లలో వినబడని దినము లేదు. నిన్న నవ్వుచు నందఱిని పలుకరించిన మనిషి నేడు మొగము ముడుచుకొని కూర్చుండును. చిన్నమాటకు కంటతడి పెట్టును, మఱియొక మాటకు గయ్యిమని లేచును. అది వారి తత్త్వమని యింటివారు తేల్చివేయుదురు. ఆ మనిషి కోడలైనచో తత్త్వమను మర్యాదపదము గూడ దక్కదు. గయ్యాళి, పొగరుబోతు అను బిరుదములే దక్కును. సాక్ష్యము వినకయే శిక్ష విధించు ఈ తీర్పును గూర్చియే మేము విచారింపదలచినాము.

స్వభావభేదములు లేవని మేమనుట లేదు. ప్రాచీన గ్రీకు వైద్యులు నాలుగు దేహరసములను బట్టియు, మన ఆయుర్వేదము వాతపిత్తకఫములను బట్టియు మనుష్యులను విభజించినారు. గ్రీకుల రసవాదమును నేటి వైద్యశాస్త్రము విడిచినది. కాని మన పెద్దలు చెప్పిన ప్రకృతి వికృతి భేదము నేటికిని గమనింపదగినది. చిన్ననాటి నుండి మితభాషియై యుండుట ప్రకృతి. నలుగురిలో కలసిమెలసి తిరిగినవాడు నాలుగు నెలలలో మాట మానివేయుట వికృతి. మొదటిదానికి మందక్కఱలేదు, రెండవదానికి కారణము వెదకవలెను.

ఆ కారణము దేహమందే యుండవచ్చును. కంఠము ముందువైపున సీతాకోకచిలుక యాకారమున థైరాయిడు అను చిన్న గ్రంథి గలదు. దాని స్రావము తగ్గినచో మనిషి మందగించును, చలికి ఓర్వలేడు, బరువు పెరుగును, మనస్సు క్రుంగును. హెచ్చినచో చేతులు వణకును, గుండె దడదడలాడును, నిద్ర పట్టదు, ఊరక చిఱ్ఱుబుఱ్ఱులాడును. ఆంగ్లదేశమున 1891లో జార్జి మర్రే అను వైద్యుడు గొఱ్ఱె గ్రంథి సారముతో స్రావలోపము గల యొక స్త్రీని బాగుచేసెను. 1914లో అమెరికాలో కెండాలు ఆ స్రావమును శుద్ధరూపమున వేఱుచేసెను. నేడు లోపమును కనుగొనుటకు రక్తపరీక్షయు, తీర్చుటకు దినమున కొక మాత్రయు చాలును. ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలకే హెచ్చు. కాన్పయిన తొలియేట గూడ కొందఱికి కలుగును. రక్తహీనతయు నలసటను, చిరాకును కలిగించును. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదని తేలినది.

మనోవ్యాధులును వ్యాధులే. వారముల తరబడి నిద్రలేకయే యుబికిపోవుచు అప్పులు చేసి వ్యయపఱచుట, పిమ్మట నెలల తరబడి మంచము విడువకుండుట చపలత్వము కాదు. ఇట్టి యుద్రేకమునకు లిథియము పనిచేయునని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించెను. ఆ మందే యొక్కొక్కరికి థైరాయిడును మందగింపజేయును గనుక వైద్యులు రక్తమును పరీక్షించుచుందురు. దేహమును మనస్సును గోడకట్టి వేఱుచేయరాదనుట కిది నిదర్శనము.

మా యెఱుకలోని యొక యింట పురుడు పోసుకొన్న కోడలు బిడ్డ నెత్తుకొనక గోడవంక చూచుచు కూర్చుండెడిది. తాయెత్తులు కట్టించిరి, వేపమండలతో కొట్టించిరి, తుదకు పుట్టింటికి పంపిరి. రెండేండ్లకు పుట్టింటివారు వైద్యుని చూపింపగా లోపము బయటపడినది. మాత్రలు ఆరోగ్యమును తెచ్చినవి గాని విఱిగిన కాపురమును తేలేకపోయినవి.

అట్లయిన కోపమంతయు రోగమేనా యని యడుగవచ్చును. కాదు. కచేరీలో అధికారి యెదుట చేతులు కట్టుకొని నిలువగల్గి, యింటికి వచ్చి భార్యపై కంచము విసరువాని దోషమును గ్రంథిపై మోపరాదు. తెల్లవాఱుజామున లేచి నడిరేయి వఱకు చాకిరి చేయు ఇల్లాలి విసుగునకు ముందుగా కావలసినది మందు కాదు, విశ్రాంతి.

కావున నింటివారు తీర్పరులు కాక సాక్షులు కావలెను. మార్పు ఎన్నడు మొదలైనది, నిద్రాహారములెట్లున్నవి, నెలసరి క్రమమెట్లున్నది, ఏ మందులు వాడుచున్నారు అనునవి వ్రాసికొని వైద్యునికి చూపవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్సను పౌరుల హక్కుగా గుర్తించినది. 2022లో నెలకొల్పబడిన టెలీ మానస్ అను ప్రభుత్వ సేవ 14416 సంఖ్యకు ఫోను చేసినవారికి ఉచితముగా సలహా నొసగుచున్నది. ఇన్ని సాధనములుండగా నింకను సామెతతో చికిత్స చేయుట విద్యావంతుల యిండ్లకు తగదు. మనిషికి పేరు పెట్టుటకు ముందు పరీక్ష చేయింతము.