గది మూల

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు కార్లకు శీతకాలపు టైర్లు తప్పనిసరి. చలి 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే వేసవి టైర్ల రబ్బరు బిరుసెక్కి రోడ్డుపై పట్టు కోల్పోతుంది.

మాంట్రియల్‌లో రెండు గదుల వాటాలో కాపురముంటున్న ఒక తెలుగు యువకుడు ఈ సంగతిని అనుభవం మీద తెలుసుకున్నాడు. టైర్లు మార్చకముందే నవంబరులో మంచు కురిసి, కూడలిలో కారు జారింది. త్రుటిలో ప్రమాదం తప్పింది. అయినా ఏప్రిల్‌లో, విప్పిన శీతకాలపు టైర్లను ఉంచే చోటు లేక, అమ్మివేద్దామన్నాడు. బాల్కనీలో ఎండవానలకు రబ్బరు చెడుతుంది. దుకాణంలో దాచితే రుసుము.

రాజమహేంద్రవరం నుండి వచ్చిన తల్లి ఆ మాట విన్నది.

“మనదీ రెండు గదుల ఇల్లే నాయనా! విత్తనపు వడ్లకు ఒక మూల విడిచేవాళ్ళం. ఏడాదికి ఒక్కసారే వాటితో పని. ఆ ఒక్కసారి లేకపోతే ఏడాదే లేదు.”

ఆ సాయంత్రం అతడు టైర్లకంటిన ఉప్పును కడిగి, తడి ఆరనిచ్చి, ఏది ఏ వైపుదో సుద్దతో గుర్తు పెట్టి, సంచులలో కట్టాడు. రిమ్ములతో ఉన్నవి గనుక ఒకదానిపై ఒకటి పేర్చాడు. తల్లి తన మంచం పక్కనే చోటిచ్చి, పైన పాత చీర కప్పింది.

శీతకాలానికి ఆమె స్వదేశం చేరింది. ఆ మూలలో ఇప్పుడు వేసవి టైర్లున్నాయి. పైన అదే చీర.