చూపుకు వెల

ఖరగ్‌పూర్ పేరు వినగానే చాలామందికి స్ఫురించేది 1072.5 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం. 2013లో గోరఖ్‌పూర్ మించిపోయేవరకు ప్రపంచంలో అంత పొడవైనది మరొకటి లేదు. బెంగాల్–నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర పల్లెలనుంచి బతుకుతెరువుకై వచ్చిన తెలుగువారు ఆ రైలు పట్టణంలో తరతరాలుగా స్థిరపడిపోయారు. సేద్యం ఇల్లు గడపనప్పుడు ఆనాటి పల్లెవాసి జీతాన్ని వెదుక్కుంటూ రైలెక్కాడు.

ఈనాడు అదే పట్టాలమీద ఇందుకు విరుద్ధమైన ప్రయాణం ఒకటి జరుగుతున్నది. ఖరగ్‌పూర్‌నుంచి హౌరావైపు సాగే లోకల్ బండి పాంశ్‌కురాకు ముందు క్షీరాయి అనే చిన్న స్టేషన్‌లో ఆగుతుంది. అక్కడ కంసావతీ తీరాన రైతులు ఎకరాలకొద్దీ చామంతి, బంతి, ఆస్టర్ పూలు పండిస్తారు. ఆ రంగుల తివాచీని చూడటానికి శీతకాలంలో, ముఖ్యంగా ఆదివారాలలో, పట్టణవాసులు తండోపతండాలుగా దిగుతారు. డబ్బు రైలెక్కి పొలందాకా వస్తున్నదన్నమాట.

వచ్చిన డబ్బు రైతు చేతికి చేరుతున్నదా అన్నదే ప్రశ్న. కలకత్తా మల్లిక్‌ఘాట్ సంతలో పువ్వుకు ధర ఉంది. గట్టుమీద నిలిచి చూసే చూపుకు ధర లేదు. ఫోటోకోసం మడిలో కాలుపెట్టినవారు విరిచిన కొమ్మ మాత్రం అమ్మకానికి పనికిరాదు. టీ, చిరుతిళ్లు, పూలగుత్తులు, నారుమొక్కలు అమ్ముకోగలిగినవారికే అంతో ఇంతో లాభం.

ఇటలీ 1985లోనే ఈ విషయమై చట్టం చేసింది. రైతు తన ఇంట అతిథులకు బస, భోజనం ఏర్పాటు చేసి రుసుము తీసుకోవచ్చు. కాని సేద్యమే ప్రధానంగా ఉండాలి, ఆతిథ్యం దానికి అనుబంధం మాత్రమే. మనదేశంలో మహారాష్ట్ర 2020లో వ్యవసాయ పర్యాటక విధానాన్ని ఆమోదించింది.

ఈ అనుబంధ ఆదాయం విలాసం కాదు. 2024 సెప్టెంబరులో కంసావతి గట్లు తెగి పాంశ్‌కురా ప్రాంతం జలమయమైంది. పూలతోట ఒక్కటే ఆధారమైనవాడికి అటువంటి ఏడు గడవటం కష్టం. రెండవ రాబడి ఉన్నవాడు మరుసటి పంటకు నారు కొనగలడు. అయితే సందర్శకుల సందడీ ఆ నారుతోనే ముడిపడి ఉంది. పూయని పొలాన్ని చూడటానికి ఎవరూ టికెట్టు కొనరు.

కనుక తోటను చూడవచ్చినవారు గట్టు దిగకుండా నడవడం, పూలగుత్తిని బేరమాడకుండా రైతు చేతినుంచే కొనడం ఔదార్యమేమీ కాదు. చూసిన అందానికి చెల్లించవలసిన కనీసపు వెల అది.